మాత్ర మింగింది మా తమ్ముడు, సంతకం పెట్టింది నేను

2019 ఆగస్టులో ఒక ఆసుపత్రి ఓపీ గదిలో, మా తమ్ముడు నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉండగా, ఒక క్లినికల్ ట్రయల్‌లో, అంటే మందు పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే పరీక్షలో, వాడు పన్నెండు వారాల పాటు మింగబోయే మాత్రల కోసం నేను సంతకాలు పెట్టాను. పత్రం ఇరవై పేజీల పైమాటే. సంతకం చేయాల్సిన ప్రతి చోటా ముందుగానే పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంచారు. కోఆర్డినేటర్‌గా ఉన్న అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఇక్కడొకటి మేడమ్, వెనక పేజీలో ఇంకొకటి" అంటూ పేజీలు తిప్పుతూ పోయింది, నేను పెడుతూ పోయాను. స్కిజోఫ్రీనియా ఉన్నట్టు తెలిసి అప్పటికి ఆరేళ్లు. చెవిలో వినిపించే గొంతులు మందులతో చాలావరకు తగ్గాయి. వాడు డిగ్రీ పూర్తి చేసినవాడు, పేపరు వస్తే సంపాదకీయం దగ్గర నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదువుతాడు. అయినా ఆ గదిలో ఉన్న మాలో ఒక్కరమూ ఆ పత్రాన్ని వాడి వైపు జరపలేదు. ఈ పోస్టు మాత్రం ముందు వాడికే చదివి వినిపించాను. రెండు వాక్యాలు మార్పించి, "ఇప్పుడు పెట్టుకో అక్కా" అన్నాడు.

ఆ సంగతి తెలిసిన బంధువులు, కాలనీవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. "మా అమ్మాయిని ట్రయల్‌లో చేర్చమంటున్నారు, చేర్చమంటారా?" అనే అడుగుతారు. బడిలో చేర్చినట్టు, హాస్టల్‌లో చేర్చినట్టు, ఆ మాటలో చేర్చేది ఎప్పుడూ ఇంటివాళ్లే. అమ్మాయి చేరుతుందా అని ఎవరూ అనరు. ఆమె ఏమంటోందని నేను అడిగితే అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. నేను రాయదలచుకున్నది ఆ నిశ్శబ్దం గురించే.

ట్రయల్స్‌కు నేను వ్యతిరేకిని కాను. మానసిక వైద్యంలో ట్రయల్స్ లేని కాలం ఎలా ఉండేదో కాస్త తెలుసుకున్నాక వ్యతిరేకించడం నా వల్ల కాదు. 1930ల నుంచి దాదాపు పాతికేళ్ల పాటు, స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఇన్సులిన్ ఎక్కించి, రక్తంలో చక్కెరను పడగొట్టి, స్పృహ తప్పించి, మళ్లీ గ్లూకోజ్ ఇచ్చి లేపేవారు. రోజూ అదే పని, వారాల తరబడి. కొందరు మళ్లీ లేవలేదు. పెద్ద పెద్ద ఆసుపత్రులు దానికోసం ప్రత్యేక వార్డులు నడిపాయి, అది పనిచేస్తుందని పేరున్న డాక్టర్లు మనస్ఫూర్తిగా నమ్మారు. 1957లో లండన్‌లో యాభై మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఇన్సులిన్‌తో, రెండో జట్టుకు మామూలు మత్తుమందుతో స్పృహ తప్పించి చూశారు. రెండు జట్ల మధ్య తేడా ఏమీ కనబడలేదు. మేలు చేసినది ఇన్సులిన్ కాదని, ఆ ప్రత్యేక వార్డులో నర్సులు పక్కనే ఉండి చూపిన శ్రద్ధ కావచ్చని అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క పోలిక పాతికేళ్ల ముందు జరిగి ఉంటే ఎందరు బతికి ఉండేవారో అనిపిస్తుంది నాకు. రోగులు పాల్గొనకుండా అలాంటి పోలిక ఏదీ సాధ్యం కాదు.

పోలిక కోసం ఒక జట్టుకు ఇచ్చే ఉత్తుత్తి మాత్ర అంటేనే మనవాళ్లకు కోపం వస్తుంది. "రోగం ఉన్న పిల్లాడికి సుద్ద ముక్క ఇస్తారా?" అని మా మేనత్త నన్ను నిలదీసింది. కోపంలో న్యాయం ఉంది, కానీ విషయం అంత సూటిగా లేదు. డిప్రెషన్ మందుల ట్రయల్స్‌లో, మందు ఏమాత్రం లేని మాత్ర తీసుకున్నవారిలో కూడా దాదాపు 35 నుంచి 40 శాతం మందికి చెప్పుకోదగ్గంత నయమవుతుంది. కాలం గడవడం వల్ల కొంత, వారం వారం ఒకరు కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడగడం వల్ల కొంత. షుగరుకు ఉన్నట్టు దీనికి రక్తపరీక్ష లేదు కాబట్టి, పోల్చడానికి ఇంకో జట్టు లేకపోతే ఏ మందైనా గొప్పగానే కనిపిస్తుంది. ఇక మా తమ్ముడి విషయంలో పాత మందు ఆపలేదు. దాని మీద అదనంగా ఒక మాత్ర ఇచ్చారు. అది మందో కాదో మాకూ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఈ నాలుగు వాక్యాలు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే మా మేనత్తకూ అర్థమయ్యేది.

తెలుగు పత్రం ఇచ్చారు, ఇవ్వలేదని నేను అనను. అందులో "పాల్గొనువారు యాదృచ్ఛికంగా కేటాయించబడతారు" అని ఉంది. ఉత్తుత్తి మాత్రకు "నిష్క్రియ పదార్థము" అని ఉంది. ఇంటర్మీడియట్ దాకా తెలుగు మీడియంలో చదివిన నేను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. చీటీ తీసినట్టు ఎవరికి ఏ మాత్ర వస్తుందో ముందే తెలియదని రాస్తే సరిపోయేది కదా. మానసిక అనారోగ్యంలో భాష పత్రంతో ఆగేది కూడా కాదు, కొలత మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది. నయమైందా లేదా తేల్చేది ప్రశ్నలే. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ, స్కిజోఫ్రీనియాను కొలిచే ముప్ఫై అంశాల పాన్స్, డిప్రెషన్‌కే 1960 నుంచి వాడుతున్న హామిల్టన్ స్కేలు, అన్నీ మాటలే. పేపర్లు "కుంగుబాటు" అని రాస్తాయి, కానీ మా ఊళ్లో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. దిగులుగా ఉంది అంటారు, మనసు మనసులో లేదు అంటారు, అంతకంటే ఎక్కువగా తల బరువు, ఒళ్లంతా గుంజుడు, గుండె దడ అంటారు. "గత రెండు వారాల్లో నిరాశకు లోనయ్యారా?" అని అడిగితే మా అమ్మ లేదంటుంది. "అన్నం సయించడం లేదా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదా?" అని అడగండి, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమె మొదటి జవాబు మీద ఆధారపడి ఒక మందుకు మార్కులు వేస్తే ఆ మార్కులకు విలువ ఎంత?

మన ప్రాంతంలో ట్రయల్ అనగానే ఉలిక్కిపడడానికి కారణాలు లేకపోలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు, గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు వేశారు. వారిలో చాలామంది భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన వైనం ఆ తర్వాత బయటికి వచ్చింది. అక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది, దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. 2011లో మందుల పరీక్షకు వెళ్లిన పిడుగురాళ్ల మహిళల ఉదంతం కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఆరోగ్యవంతులకు డబ్బిచ్చి మందు రక్తంలో ఎంత చేరుతుందో చూసే పరీక్ష, రోగులకు చికిత్సగా చేసే ట్రయల్ వేరు. అయినా జనం నోట రెండూ ఒకటయ్యాయి. ఈ సంఘటనల నుంచి మనం నేర్చుకున్న పాఠం "మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు, దగ్గరికి పోవద్దు" అనేది. వార్డెన్ స్థానంలో ఆ రోజు ఓపీ గదిలో నేనే కూర్చున్నానని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ పిల్లలు మైనర్లు, వారి తరఫున ఎవరో ఒక పెద్ద సంతకం పెట్టక తప్పదు. మా తమ్ముడికి అప్పుడు ముప్ఫై ఒకటి.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో తడబాటు లేకుండా మాట్లాడుతుంది. జబ్బు ఉన్నంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి లేదనుకోకూడదని నాలుగో సెక్షన్ చెబుతుంది. చెప్పిన విషయం అర్థం చేసుకుని, దాని పర్యవసానం ఆలోచించుకుని, తన మాట తెలియజేయగలిగితే ఆ మనిషికి ఆ శక్తి ఉన్నట్టే. అది కూడా ఆ మనిషికి తెలిసిన భాషలో, సులువైన మాటల్లో చెప్పి చూడాలి. పరిశోధన సంగతి 99వ సెక్షన్‌లో ఉంది. రోగి నుంచే స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి, ఆ సమ్మతిని రోగి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నిజంగా సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉన్నవారైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. పక్క కుర్చీలో ఉన్న అక్క సంతకం ఒక్కటే చాలని చట్టంలో ఎక్కడా లేదు. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పూర్తిగా కొత్త రసాయనాన్ని ఇలాంటివారిపై పరీక్షించేటప్పుడు సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. మా వాడికి ఇచ్చింది వేరే జబ్బుకు అప్పటికే వాడుకలో ఉన్న మందు, కాబట్టి కెమెరా లేదు. ఉండి ఉంటే, నేను గబగబా సంతకాలు పెడుతుంటే వాడు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్న దృశ్యం అందులో రికార్డై ఉండేది.

ఒప్పించే ఒత్తిడి ఎలా ఉంటుందో అమెరికాలోని మిన్నెసోటాలో 2004లో జరిగింది చూస్తే తెలుస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయం నడిపిన మానసిక జబ్బు మందుల ట్రయల్‌లో చేరేనాటికి ఒక యువకుడి మీద కోర్టు ఉత్తర్వు ఉంది. డాక్టరు చెప్పినట్టు వినకపోతే నిర్బంధంగా ఆసుపత్రిలో పెట్టవచ్చు. ఆ పరిస్థితిలో అతను సంతకం పెట్టాడు. బాగా దిగజారుతున్నాడని తల్లి పదే పదే మొరపెట్టుకున్నా ట్రయల్‌లోంచి తీయలేదు, చివరికి అతను ప్రాణం తీసుకున్నాడు. 2015లో గానీ ఆ విశ్వవిద్యాలయం మానసిక వైద్య విభాగపు మందుల ట్రయల్స్‌లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపలేదు. అక్కడ సంతకం రోగిదే, కానీ వద్దనే దారి మూసేసి అడిగారు. మన ఇళ్లలో కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. "వద్దంటే ఈ డాక్టరు గారు మళ్లీ చూడరేమో" అన్న భయం చాలు. ఎర్రగడ్డ పేరును, చినవాల్తేరు పేరును ఇంకా తిట్టుగా వాడుతున్న సమాజంలో, ఓపిగ్గా మాట్లాడే ఒక్క సైకియాట్రిస్ట్ దొరికితే ఆయన్ని నొప్పించడానికి ఏ ఇంట్లోనూ ధైర్యం ఉండదు. ఆ మాట డాక్టరు తనంతట తానే ముందుగా చెప్పాలి: వద్దన్నా నీ వైద్యం ఇలాగే సాగుతుంది అని.

బాగా జరిగినవీ ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. పశ్చిమ గోదావరి జిల్లాలోనూ హర్యానాలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వారు స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ట్రయల్ నడిపారు. అందులో కొత్త మాత్ర ఏదీ లేదు. ఆశా కార్యకర్త చేతిలో ఒక ట్యాబ్, పీహెచ్‌సీ డాక్టరుకు చికిత్సలో సాయపడే సాఫ్ట్‌వేర్, ఊళ్లో మానసిక జబ్బుల మీద అపోహలు పోగొట్టే ప్రచారం, అంతే. ఏడాది తర్వాత చూస్తే, ముందు నుంచీ ఎక్కువ బాధలో ఉన్నవారిలో డిప్రెషన్ మామూలు వైద్యం అందినవారిలో కంటే బాగా తగ్గింది. ట్రయల్ అంటే ఇదీ ఒకటి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, అత్యధికులకు వైద్యమే అందడం లేదు. వీరికి ఏది పనిచేస్తుందో వేరే దేశంలో తేల్చిన లెక్క మన ఏలూరు పక్క ఊరికి సరిపోతుందో లేదో మన ఊళ్లో చూస్తే తప్ప తెలియదు.

మళ్లీ మా తమ్ముడి దగ్గరికి వస్తాను. పన్నెండు వారాలూ వాడు ఒక్క మాత్ర మానలేదు. ఖాళీ పట్టీలు కూడా లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. తర్వాత, "స్టడీ అయిపోయిందండీ, ఇక మామూలు ఓపీకి రండి" అన్నారు. వాడికి వచ్చింది మందా, ఉత్తుత్తి మాత్రా? ఆ మందు పనిచేసిందా? చెప్పినవారు లేరు. ఆ రోజుల్లో వాడు కాస్త ఉషారుగా ఉండేవాడు, సాయంత్రాలు పార్కుకు వెళ్లేవాడు. అది మాత్ర మహిమో, వారానికోసారి ఆ కోఆర్డినేటర్ అమ్మాయి కబుర్లు చెప్పడం వల్లో ఇప్పటికీ తెలియదు. "నా ఒంట్లో జరిగింది నాకు తప్ప అందరికీ తెలుసు" అన్నాడు ఒకసారి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నిరుడు ఇంకో చోట ఇంకో స్టడీ గురించి చెప్పారు. ఈసారి పత్రం వాడి చేతికే ఇచ్చారు, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమన్నారు. మూడు రోజులు డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని పెన్సిల్‌తో గీతలు గీశాడు. దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ ఇచ్చిన నంబరు చూసి, దాని వెబ్‌సైట్‌లో నిజంగా నమోదైందో లేదో నా చేత వెతికించాడు. 2009 నుంచి ప్రతి ట్రయల్ అందులో ఉండి తీరాలి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నాలుగో రోజు తన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాడు. "స్టడీ మధ్యలో రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అర్ధరాత్రి రెండింటికి ఎత్తుతారా?" అన్నది మొదటిది. 2019లో నాకు తట్టని ప్రశ్న అది. రాత్రిళ్లు మేలుకుని ఉండేది వాడు కాబట్టి వాడికే తట్టింది. చివరి ప్రశ్న, ఫలితం నాకు చెబుతారా అని. ఆ డాక్టరు గారు నిజాయితీగా, స్టడీ మొత్తం ముగిశాకే చెప్పగలమని, అందుకు రెండేళ్లు పట్టవచ్చని, ఉత్తరం ద్వారా తెలియజేస్తామని రాసి ఇస్తామన్నారు. రాసి ఇచ్చారు కూడా. అప్పుడు పెట్టాడు సంతకం. నేను సాక్షిగా కూడా అక్కర్లేకపోయింది.

మొన్న ఆదివారం వాడే కూర్చుని మొదటి ఆసుపత్రికి ఒక ఉత్తరం రాశాడు. 2019లో తనకు ఇచ్చిన మాత్ర ఏమిటో తెలియజేయమని, స్టడీ ఫలితం ఎక్కడైనా అచ్చయి ఉంటే కాపీ పంపమని, కాపీ ఒకటి, పరిశోధనల్లో పాల్గొనేవారి హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఛైర్మన్ గారి పేరిట. నేను అదే విషయం ఇంతకుముందు రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. సోమవారం ఇద్దరం వెళ్లి స్పీడ్ పోస్టులో వేసి వచ్చాం. రసీదు వాడి పర్సులో ఉంది.