పొలం ఉంటే దాతలు అక్కర్లేదా?
అనాథ పిల్లల హోమ్‌కు ఆవులు, కోళ్లతో సొంత పొలం ఉంటే ఇక దాతల మీద ఆధారపడక్కర్లేదని ఒకరు రాశారు, అది మాత్రం ఒప్పుకోలేను. ఇలాంటి ఒక హోమ్‌లో పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేవాణ్ణి. పాలు, కూరగాయలు కొనే ఖర్చు తగ్గుతుంది నిజమే, కానీ కరెంటు బిల్లు, మందులు, వార్డెన్ జీతం కూరగాయలతో కట్టలేం కదా! పైగా పరీక్షలున్నా సరే ఆవులకు రెండు పూటలా పాలు పితకాల్సిందే, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోకపోతే ఆ పని పెద్ద పిల్లల మీదే పడుతుంది. చదువుకు అడ్డొచ్చే పనుల నుంచి పిల్లలకు రక్షణ ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోనే ఉంది (32వ అధికరణం). మొక్కలకు నీళ్లు పోయడం, గుడ్లు ఏరడం వాళ్లకు సరదాయే, కోళ్లకు పేర్లు కూడా పెట్టేవాళ్లు. కానీ షెడ్డు కట్టిస్తామని ముందుకొచ్చే దాతలే పనివాడి నెల జీతం అడిగితే ముఖం చాటేస్తారు.