పత్తి చేలో 'ప్రాణాంతక' పురుగు, ఆ ఫోటోలోని శవాలు

వానాకాలం వస్తే చాలు, పత్తిలో పురుగు కన్నా ముందు వాట్సాప్‌లో పురుగు లేస్తోంది. 2022లో ఊరూరా తిరిగిన మెసేజే, మళ్ళీ మా చుట్టాల గ్రూపులో వరసపెట్టి పడుతోంది: "పత్తిలోకి కొత్త రకం పురుగు వచ్చింది, పాము కన్నా విషం, కుడితే ఐదు నిమిషాల్లో ప్రాణం పోతుంది, ఇద్దరు రైతులు పోయారు, అందరికీ పంపండి." కింద ఒళ్ళంతా ముళ్ళున్న పురుగు, పక్కన చేలో పడున్న రెండు శవాలు.

కొత్తదేం కాదు. స్లగ్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల, అంటే ఒక రకం గొంగళిపురుగు. మామిడి, ఆముదం, కొబ్బరి ఆకుల మీద ఎప్పటినుంచో ఉన్నదే.

ఐదు నిమిషాల్లో వచ్చేది చావు కాదు, మంట. దాని ముళ్ళు బోలుగా ఉంటాయి, గుచ్చుకుంటే లోపలి విషం చర్మంలోకి దిగుతుంది. దద్దుర్లు, వాపు వస్తాయి, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. సెల్లో టేపు అంటించి లాగితే విరిగిన ముళ్ళు ఊడొస్తాయి. తర్వాత సబ్బునీళ్ళతో కడిగి ఐసు పెట్టాలి. కంట్లో పడినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికే.

ఇక ఆ ఫోటో. వాళ్ళు మహారాష్ట్రలోని చాలీస్‌గావ్ దగ్గర పిడుగు పడి చనిపోయారు. పిడుగు! మన దేశంలో ఏటా 2,000 మందికి పైగా దానికి బలవుతున్నారు, పొలం పనుల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. ఉరుములు మొదలవగానే చేలోంచి బయటపడండి, చెట్టు కిందికి మాత్రం పోకండి అని చెప్పడానికి పనికొచ్చే ఫోటో అది. దానికి పురుగు బొమ్మ అతికించారు. ఇప్పుడు రైతు ఆకులు తిరగేసి చూసుకుంటాడు, మబ్బు వంక చూడడు. ఎంత గొప్ప ప్రజాసేవ!

పైగా ఒక బాబాయి సలహా: "ఎందుకైనా మంచిది, డబుల్ డోసు మందు కొట్టేయండ్రా." బాబాయ్, 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషప్రభావంతో 20 మంది దాకా పోయారు. ఈ పురుగు అంత ఘనకార్యం చేయలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మనిషిని చంపే గొంగళిపురుగు నిజంగానే ఉంది. లొనోమియా అంటారు, దక్షిణ అమెరికా అడవుల్లో ఉంటుంది. దాని విషం రక్తం గడ్డకట్టకుండా చేసి, లోలోపల రక్తస్రావం తెస్తుంది. విరుగుడు మందును బ్రెజిల్‌లో బుటాంటాన్ సంస్థ తయారుచేస్తోంది. దాన్ని చూసి భయపడాలని అంత సరదాగా ఉంటే, బాబాయ్, సావో పాలోకి టికెట్ తీసుకో.