సవరణ: పికప్ నిరోధం, దాని శబ్ద బలం

ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌ల (అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి, తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, మల్టీమీటర్‌లో కనిపించే నిరోధం ఎంత ఎక్కువైతే పికప్ అంత బలంగా పలుకుతుందని చెప్పాను. అది సరికాదు.

నిరోధం చెప్పేది ప్రధానంగా చుట్టిన రాగి తీగ పొడవును, మందాన్ని మాత్రమే. 42 గేజి (తీగ మందాన్ని తెలిపే సంఖ్య) తీగకు బదులు దానికంటే సన్నని 43 గేజి తీగను అన్నే చుట్లు చుడితే నిరోధం సుమారు పావు వంతు పెరుగుతుంది గాని, చుట్ల సంఖ్య, అయస్కాంతం మారలేదు కనుక శబ్ద బలం ఆ మేరకు పెరగదు. ఒకే తీగతో, ఒకే నిర్మాణంతో చేసిన రెండు పికప్‌లను పోల్చడానికే ఈ కొలత పనికివస్తుంది. స్వరం తీరును అంచనా వేయాలంటే ఎల్‌సీఆర్ మీటర్ అనే పరికరంతో ఇండక్టెన్స్ (మారే విద్యుత్ ప్రవాహాన్ని తీగ చుట్ట ఎంత అడ్డుకుంటుందో తెలిపే గుణం) చూడటం మేలు.

కొలిచే పద్ధతిలోనూ ఒక లోపం దొర్లింది. గిటార్ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర, వాల్యూమ్ పూర్తిగా పెంచి కొలిస్తే, వాల్యూమ్ పాట్ (శబ్దాన్ని తగ్గించే, పెంచే మీట వెనుక ఉండే మార్చగల నిరోధకం) కూడా పికప్‌కు సమాంతరంగా ఉంటుంది. 8 కిలో ఓమ్‌ల పికప్ 250 కిలో ఓమ్‌ల పాట్‌తో దాదాపు 7.75గా కనిపిస్తుంది. ఆ రాతలో నేను "లోపం ఉన్న పికప్" అని తేల్చినది బహుశా ఇలాంటిదే. పైగా రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం మారుతుంది కాబట్టి, 20 డిగ్రీల వద్ద 8 కిలో ఓమ్‌లు ఉన్నది 30 డిగ్రీల వద్ద 8.3 చూపడం సహజమే.

హంబకర్ (రెండు తీగ చుట్టలు ఉండే పికప్) విషయంలో, రెండు చుట్టలూ శ్రేణిలో 8 కిలో ఓమ్‌లు చూపితే, సమాంతరంగా కలిపినప్పుడు రీడింగ్ 2కు దిగుతుంది, నేను రాసినట్టు 4కు కాదు. 4 అనేది ఒక్క చుట్ట విలువ.