మద్రాసు హార్బరు 1881లో పూర్తయిందని రాశాను, అది తప్పు

మొన్న ఆదివారం మద్రాసు ఎలా పెరిగిందో రాస్తూ, అక్కడి హార్బరు 1881కి పూర్తయిపోయిందని రాశాను. చిత్తూరులో చరిత్ర చెప్పిన మాస్టారు ఒకాయన చదివి, "ఆ ఏడాది తుఫానుకు అది కొట్టుకుపోయింది కదప్పా" అన్నారు. పోర్టు గురించిన పాత సర్కారు నివేదికల ఆధారంగా రాసిన చరిత్రలు తీసి చూస్తే ఆయన మాటే నిజం. తేదీ సరిచూసుకోకుండా రాసేశాను, తప్పు నాదే.

జరిగింది ఇది. 1870ల మధ్యలో రెండు అలల అడ్డుగోడలు కట్టడం మొదలుపెట్టారు, పని ముగింపుకొచ్చాక 1881 నవంబరు తుఫాను వాటిని బాగా దెబ్బతీసింది. మళ్లీ కట్టినా తూర్పు వైపు ద్వారంతో అలలూ ఇసుకా ఇబ్బంది పెట్టాయి. 1904లో పోర్టు బాధ్యత తీసుకున్న ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాంలో ఆ తూర్పు ద్వారాన్ని మూసి ఈశాన్యంలో కొత్త ద్వారం తెరిచారు. మద్రాసు నిజమైన ఓడరేవు అయింది అప్పుడే అని నేననుకుంటాను.

అంతకుముందు ఓడలు దూరంగా ఆగితే, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవాళ్లు, ఆ పడవవాళ్ల గురించి ఒక్క మాటైనా రాయనందుకు ఇంకా బాధగా ఉంది. రాయపురం నుంచి రైలు 1856లోనే మొదలైందని రాసింది మాత్రం సరైనదే.