ఓడ దిగిన ఒక్క పూటలో ఏ అభయారణ్యం? అమ్మకీ మావయ్యకీ వాదన

మావయ్యా అత్తయ్యా జనవరిలో అమెరికా వెళ్తున్నారు, కొడుకు దగ్గరికి. అక్కడి నుంచి అందరూ కలిసి మయామీలో ఓడ ఎక్కి కరీబియన్ తిరుగుతారట. ఆ ఓడ హోండురాస్‌లోని రొవాటన్ దీవి దగ్గర ఒకరోజు, కోస్టారికాలోని లిమోన్ రేవులో ఒకరోజు ఆగుతుంది. రెండు చోట్లా జంతువుల్ని చూపించే శాంక్చురీలున్నాయి, ఖర్చు మాత్రం ఒకదానికే పెట్టుకుందామనుకున్నారు. ఏది బుక్ చేయాలన్నదే గొడవ. మావయ్యది రాజోలు దగ్గర కొబ్బరి తోట. అమ్మ తాళ్లరేవులో ఉంటుంది, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది, కోరింగ మడ అడవికి పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకెళ్లిందో లెక్కలేదు. మొన్న ఆదివారం సాయంత్రం మా వరండాలో జరిగిన మాటలివి, గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నేను అమ్మ వైపే, అది ముందే చెప్పేస్తున్నా.

మావయ్య: ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముందక్కా? రొవాటన్‌లో అయితే స్లోత్‌ని తెచ్చి చేతుల్లో పెడతారు. పాపకి ఏడేళ్లు, ఫోన్ చేసినప్పుడల్లా "తాతయ్యా, స్లోత్‌ని ఎత్తుకుందాం" అంటోంది. లిమోన్‌లో ముట్టుకోనివ్వరట. అన్ని లక్షలు పోసి అంత దూరం వెళ్లి, ఎక్కడో చెట్టు మీదున్నదాన్ని కింద నుంచి చూసి రావడానికైతే టీవీ చాలు కదా!

(స్లోత్ అంటే కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ చాలా నెమ్మదిగా కదిలే జంతువు. ఫొటోలో చూసి మన దేవాంగపిల్లి అనుకున్నాడు మావయ్య. అది వేరు, ఇది వేరు.)

అమ్మ: చేతుల్లో పెడతారన్న మాట దగ్గరే నాకు అనుమానం తమ్ముడూ. అది చెట్టు దిగేదే వారానికి ఒకసారి, మలవిసర్జనకి. తిన్న ఆకులు అరగడానికే రోజులకి రోజులు పడుతుంది, అంత తక్కువ శక్తితో బతికే ప్రాణి. అలాంటిదాన్ని ఓడ వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మారుస్తూ ఉంటే ఏమవుతుందో ఆలోచించు. భయపడితే పరిగెత్తలేదు, బిగుసుకుపోతుంది. కదలకుండా ఉంటే శత్రువుకి కనపడనని దాని నమ్మకం. మనమేమో "చూడు ఎంత బుద్ధిగా కూర్చుందో" అని ఫొటో తీసుకుంటాం. నవ్వుతున్నట్టు ఉంటుందే, అది నవ్వు కాదు, దాని నోటి గీతే అంత.

మావయ్య: మరి శాంక్చురీ అని బోర్డు పెట్టారు కదా. హింసించేవాళ్లయితే ఆ పేరెందుకు పెట్టుకుంటారు?

అమ్మ: మనకి ఆ మాట వినగానే కోరింగ గుర్తొస్తుంది, అందుకే మోసపోతాం. కోరింగని 1978లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది, 235 చదరపు కిలోమీటర్ల పైన, దాని వెనక 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. అక్కడ మడ చెట్టు కొమ్మ విరిచినా అడిగేవాళ్లుంటారు. ఓడ దిగే చోట శాంక్చురీ అనే మాటకి ఆ బరువు లేదు, పెరట్లో నాలుగు బోన్లు పెట్టుకున్నవాడు కూడా ఆ బోర్డు కట్టుకోవచ్చు. గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ అని 2007 నుంచి ఒక సంస్థ ఉంది, అడిగినవాళ్లని తనిఖీ చేసి గుర్తింపు ఇస్తుంది. వాళ్ల షరతులు చదువు: జంతువుల్ని కొనడం అమ్మడం ఉండకూడదు, జనానికి చూపించడానికని పిల్లల్ని పుట్టించకూడదు, అడవి జంతువుని సందర్శకుల చేతికి ఇవ్వకూడదు. ఆ మూడో దానితోనే నువ్వు చెప్పేది పోతుంది. ఇంకోటి, స్లోత్‌లు హోండురాస్ ప్రధాన భూభాగంలోని అడవులవి, రొవాటన్ దీవివి కావు. మరి అక్కడికి ఎలా చేరాయి?

మావయ్య: ఎలాగో చేరాయి, ఇప్పుడున్నాయి కదా. వాటికి తిండి ఎవరు పెడతారు, మందులు ఎవరు కొంటారు? మాలాంటివాళ్లం కొనే టిక్కెట్లే. నీ కోరింగ సంగతే తీసుకో. జనం వచ్చి పడవ ఎక్కుతున్నారు కాబట్టి ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి నాలుగు డబ్బులు కనపడుతున్నాయి, అడవి నిలబడితే మాకూ లాభమే అనుకుంటున్నారు. ఎవరూ రాకపోతే ఆ మడ కూడా ఎప్పుడో రొయ్యల చెరువయ్యేది. మన కళ్ల ముందు ఎన్ని అవ్వలేదు?

దీనికి అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఈ డెల్టాలో పుట్టినవాళ్లెవరికైనా ఆ మాట గుచ్చుకుంటుంది. సముద్రం వైపు పోయేకొద్దీ ఒకప్పుడు మడ, తిల్ల గుబురుగా ఉన్న చోట చెరువు గట్లూ, నీళ్లలో తిరిగే ఏరేటర్లూ మేమే చూశాం.

అమ్మ: డబ్బు కావాలి, కాదనను. ఎవరికిస్తున్నావన్నదే నా బాధ. లిమోన్‌కి దక్షిణంగా పోర్టో వియెహో దాటాక జాగ్వార్ రెస్క్యూ సెంటర్ అని ఉంది. పేరు జాగ్వార్ అనే గానీ అక్కడికి వచ్చేవి ఎక్కువగా స్లోత్‌లు, కోతులు, పక్షులు. కరెంటు తీగ తగిలినవి, కారు గుద్దినవి, తల్లి పోయిన పిల్లలు. గైడుతో తిప్పి చూపిస్తారు, చేతికివ్వరు, బాగుపడితే అడవిలో వదలాలన్నదే వాళ్ల తాపత్రయం. నీ టిక్కెట్టు డబ్బు అక్కడ పడితే నాకు సంతోషం. కోస్టారికా ప్రభుత్వం కూడా 2019లో అడవి జంతువుల్ని పట్టుకుని సెల్ఫీలు దిగొద్దని పెద్ద ప్రచారమే మొదలుపెట్టింది.

మావయ్య: అక్కడికి దూరం చూశావా? రేవు నుంచి పోనూ గంటన్నర, రానూ గంటన్నర. ఓడ బయల్దేరే టైముకి ముందే ఎక్కేసి ఉండాలి. రోడ్డు మీద లారీ అడ్డం పడిందనుకో? సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు తప్పిపోయి, ఏటి అవతల నరసాపురం దీపాలు చూస్తూ పిల్లల్తో గట్టు మీద కూర్చున్నాం గుర్తుందా? అక్కడ తెల్లారితే ఇంకో పంటు వచ్చింది. ఓడ మళ్లీ వస్తుందా? ఊరు కాని ఊళ్లో, భాష రాని చోట, నాకు ఆ టెన్షన్ వద్దు.

అమ్మ: ఇది నువ్వు సరిగ్గా అన్నావు. బయట టాక్సీ చవగ్గా వస్తుందని మాత్రం ఎక్కకండి. ఓడవాళ్లు అమ్మే టూరులో వెళ్తే, ఆ బస్సు ఆలస్యమైనా బాధ్యత వాళ్లది. ఓడ గడియారం, ఊళ్లో గడియారం ఒక్కోసారి గంట తేడా ఉంటాయి, ఓడదే చూసుకోండి. అంత దూరం వద్దనుకుంటే దగ్గర్లోనే రెండున్నాయి. కహుయిటా నేషనల్ పార్కు నలభై కిలోమీటర్ల చిల్లర, ఒకవైపు సముద్రం, ఒకవైపు అడవి, మధ్యలో చదునైన కాలిబాట. నీ మోకాళ్లకి అది కూడా కష్టమైతే మొయిన్ కాలువలు, రేవుకి బాగా దగ్గర. కూర్చుని పడవలో పోవడమే, గట్టు మీది చెట్లలో స్లోత్‌లు, కోతులు, కొంగలు కనపడతాయి.

మావయ్య: కాలువలో పడవ షికారుకి కోనసీమ నుంచి కోస్టారికా వెళ్లాలా అక్కా! సరే వెళ్లాం, కనపడకపోతే? అడవిలోది నీ కోసం వచ్చి నిలబడుతుందా? పాపకి నేను మాటిచ్చాను. ఏడుస్తుంది.

అమ్మ: ఏడవచ్చు. నేను ముప్పై ఏళ్లుగా కోరింగ వెళ్తున్నా, బావురుపిల్లిని చూసింది ఒక్కసారి. అది కూడా పొద్దు వాలాక బురద మీద నుంచి పొదలోకి దూరుతుంటే, వెనక భాగమూ తోకా. నీటికుక్కలు నాలుగైదుసార్లు కనపడ్డాయి. అయినా పిల్లలు విసుక్కోలేదు, పోటు దిగాక బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూపించి, ఇవి చెట్టుకి ముక్కుల్లాంటివి అంటే గంటసేపు వాటినే చూశారు. ఒక్కసారి మాత్రం, నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఫిబ్రవరిలో కాలేజీ పిల్లల్ని తీసుకుని ఫారెస్టువాళ్లతో రాత్రి ఇసుక తిన్నె మీదికి వెళ్లాం, తాబేలు గుడ్లు పెట్టడం చూద్దామని. దూరంగా కూర్చోండి, లైటు వేయొద్దని నూరుసార్లు చెప్పాను. అది నీళ్లలోంచి వచ్చింది, అంత బరువు ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ, మెల్లిగా పైకొచ్చి వెనక కాళ్లతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. ఎవరో పిల్లవాడు ఆత్రంకొద్దీ ఫోన్ లైటు వేశాడు. సగం గొయ్యి అలాగే వదిలేసి వెనక్కి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయింది తమ్ముడూ. కడుపులో నూరు గుడ్లు పెట్టుకుని. వాడు చెడ్డవాడు కాదు, వాడికీ ఇష్టమే, దగ్గరగా చూడాలనుకున్నాడంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మావయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఈ కథ నేను కూడా అదే మొదటిసారి వినడం. జనవరి, ఫిబ్రవరి వస్తే అంతర్వేది ఒడ్డున చచ్చిపడి ఉన్న తాబేళ్లని చూస్తూ పెరిగినవాడు మావయ్య, ఆయనకి ఇది కొత్త జంతువు కాదు.

మావయ్య: పాపకి నేను చెప్పలేనక్కా. నువ్వే చెప్పు.

అప్పటికి అమెరికాలో పొద్దున్నే. వీడియో కాల్ కలిపారు. అమ్మ స్లోత్ గురించి ఏమీ చెప్పలేదు, తాబేలు సంగతే చెప్పింది, మాకు చెప్పినట్టే, ఏదీ దాచకుండా. పాప మొహం చిన్నబోయింది. కాసేపాగి, "అది మళ్లీ వచ్చిందా?" అని అడిగింది.

"తెలీదమ్మా. తెల్లారేదాకా చీకట్లోనే కూర్చున్నాం, మాకు కనపడలేదు. ఇంకోచోట ఎక్కిందేమో" అంది అమ్మ.

మావయ్య ఫోన్ తీసుకుని రొవాటన్‌ది బుక్ చేయొద్దని కొడుక్కి చెప్పాడు. కహుయిటానా, కాలువలా అన్నది ఇంకా తేలలేదు, అత్తయ్య నడుస్తానంటోంది, మావయ్య పడవే అంటున్నాడు.