విచారణకు దొరికే నిపుణుడు చికిత్సకు దొరకడా?

ఘోర నేరంలో పదిహేడేళ్ల కుర్రాడు నిందితుడని తేలగానే ‘పెద్దవాడిగా విచారించాలి’ అన్న డిమాండ్ మొదలవుతుంది. 2024 మేలో పుణె కారు ప్రమాదం తరువాతా అదే విన్నాం. బాల న్యాయ చట్టం-2015లోని 15వ సెక్షన్ అందుకు దారి కల్పించింది. ఘోర నేరం కేసులో పదహారు నిండిన బాలుడిని పెద్దవాడిగా విచారించాలా అని తేల్చడానికి, పిల్లల కేసులు చూసే బాల న్యాయ మండలి అతడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని మూడు నెలల్లో మదింపు చేయాలి. మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని 2022 జులైలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మంచి మాట. మరి ఆ నిపుణుడు విచారణకు ముందో తరువాతో వైద్యం కోసం ఎందుకు రాడు?

రైల్వే ప్లాట్‌ఫారంపై మత్తు కోసం కర్చీఫ్‌లో వైట్‌నర్ పోసుకుని పీల్చే పద్నాలుగేళ్ల పిల్లవాడు దొంగతనం కేసులో జువైనల్ హోంకు వస్తాడు. మొదటి రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఒళ్లంతా చెమటలు, కడుపులో వికారం, చిన్న మాటకే పక్కవాడిపై కలబడతాడు. అది రోగమని వాచ్‌మన్‌కు చెప్పినవారు లేరు, పొగరనుకుంటాడు. దెబ్బలు వేసి విడి గదిలో పెట్టి గడియ పెడతాడు. వేళ్ల సందుల్లో గజ్జి గోకి గోకి పుండైనా ఫారంలో ‘ఆరోగ్యం బాగుంది’ అని నింపేస్తారు. చేసింది చిన్న దొంగతనం కాబట్టి అతడి మనసు సంగతి ఎవరికీ పట్టదు. రెండేళ్ల తరువాత అతడే హత్య కేసులో తిరిగొస్తే మాత్రం నిపుణుడు పరుగున వస్తాడు, పెద్దవాడా కాదా తేల్చడానికి.

బాధిత కుటుంబాల ఆవేదన న్యాయమైనదే, నేరం చేసినవాడికి ఈ సేవలెందుకని వారు అడగవచ్చు. కానీ వ్యసనంతో లోపలికి వెళ్లినవాడు అదే వ్యసనంతో బయటికొస్తే రేపటి బాధితులకు ఎవరు జవాబుదారీ?

చట్టంలో లోటు లేదు. వ్యసన విముక్తి, రోగాలకు చికిత్స, మానసిక వైద్యం, ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉండాలని 53వ సెక్షన్ చెబుతోంది. నెలనెలా వైద్య పరీక్షలు జరపాలని 2016 నమూనా నియమాలు ఆదేశించాయి. లోటంతా అమలులోనే. న్యాయ వ్యవస్థ పనితీరును మదింపు చేసే ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్కలో 2023 అక్టోబరు చివరికి 362 మండళ్ల ముందున్న లక్ష పైచిలుకు కేసుల్లో 55 శాతం తేలనేలేదు. జామీనుకు వచ్చే అమ్మానాన్నలు లేని పిల్లలే ఈ జాప్యానికి హోంలలో మగ్గేది, వైద్యం అత్యవసరమైనదీ వారికే. విడుదల రోజున వారి చేతిలో మందుల చీటీ ఉండదు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పేవారూ ఉండరు. శిక్ష కోసం మనసును పరీక్షించే రాజ్యం, నయం చేయడానికి ఆ మనసు వైపు చూడకపోవడం పచ్చి కపటం.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడి నుంచి వారానికి ఒక వైద్యుడిని హోంలకు పంపడానికి కొత్త చట్టం అవసరం లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆ ఉత్తర్వు వెంటనే ఇవ్వాలి. మూడు నెలలకోసారి హోంలను చూసే తనిఖీ బృందంలో వైద్యాధికారి తప్పక ఉండాలని 54వ సెక్షన్ చెబుతోంది. ఆ వైద్యాధికారి సూపరింటెండెంట్ గదిలో టీ తాగి సంతకం పెడితే కుదరదు. పిల్లల గదిలోకి వెళ్లాలి, చేతులు తిప్పి చూడాలి, రాత్రి నిద్ర పడుతోందా అని అడగాలి. చూడకుండా ‘ఆరోగ్యం బాగుంది’ అని రాసిన ప్రతి సంతకం తప్పుడు రికార్డే. దానికి బాధ్యుడు పిల్లవాడు కాదు, సంతకం పెట్టిన పెద్దమనిషి.