కండర కణాన్ని వెనక్కి మళ్లించే మందుకు రుజువు ఏది?

ఎదిగిన కండర తంతువు నిజానికి అనేక చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏర్పడిన పొడవాటి కణం. ఆ కలయిక పూర్తయ్యాక అందులోని కేంద్రకాలు ఇక విభజన చెందవు. అలాంటి కణాన్ని, కొత్త జన్యువులేవీ చొప్పించకుండా, కేవలం చిన్న రసాయన అణువులతో మళ్లీ పూర్వదశకు తేవచ్చన్న ఆలోచన పాతికేళ్లుగా ఆశలు రేపుతోంది. ఆ ఆశ నిరాధారమైనది కాదు. అయితే ఇక్కడ వెలువడే ప్రతి ఫలితాన్నీ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇప్పుడు విభజన చెందుతున్న కణం నిజంగా ఎదిగిన కండరం నుంచే వచ్చిందా?

2000లో రసాయన శాస్త్రవేత్త పీటర్ షుల్ట్జ్ బృందం మయోసెవెరిన్ అనే ప్యూరిన్ తరహా అణువును ప్రకటించింది. ఎలుక కండర నాళికలకు, అంటే చిన్న కణాలు కలిసి ఏర్పడిన అనేక కేంద్రకాల లేత తంతువులకు, దాన్ని అందిస్తే, కణానికి లోపలి ఊతమైన సన్నని గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్, విడిపోయి, పొడవాటి నాళిక ఒక్కో కేంద్రకమున్న ముక్కలుగా చీలిపోతుంది. మైక్రోస్కోప్ కింద చూసేవారికి కాలం వెనక్కి తిరిగినట్టే అనిపిస్తుంది. కానీ 2005లో జీవశాస్త్రవేత్త జెరెమీ బ్రోక్స్ బృందం ఒక్కో కణాన్నీ విడిగా గమనించి, మైక్రోట్యూబ్యూల్స్‌ను విడగొట్టే నోకోడజోల్ వంటి పాత రసాయనాలు కూడా ఇదే పని చేస్తాయని చూపింది. ముక్కలు కావడం వేరు, పూర్వదశకు చేరడం వేరు. 2004 నాటి మరో అణువు రివర్సిన్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. అది ఎముక, కొవ్వు కణాలుగా మారే శక్తినిచ్చింది ఇంకా కలిసిపోని తొలిదశ కండర కణాలైన మయోబ్లాస్టులకే.

చిక్కు ఇంకొకటుంది. ప్రయోగశాలలో కండర కణాలను పెంచే గిన్నెలో కలయికకు లోనుకాకుండా మిగిలిపోయే కణాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. శరీరంలోని కండరంలో 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించిన శాటిలైట్ కణాలు, అంటే కండరపు మూలకణాలు, ఉండనే ఉన్నాయి. మందు వేశాక కనిపించే విభజన వాటిదే కావచ్చు. అందుకే 2011లో పరిశోధకులు పాలీవాల్, ఇరీనా కాన్‌బాయ్ చేసిన ప్రయోగం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. వారు ఎంచుకున్న కణాల్లోనే జన్యువును మార్చే క్రీ-లాక్స్ పద్ధతిలో బహుకేంద్రక నాళికలకు మాత్రమే జన్యుపరమైన గుర్తు వేసి, విభజనకు కళ్లెం వేసే టైరోసిన్ ఫాస్ఫటేజులనే ఎంజైములనూ కణమరణాన్నీ అడ్డుకునే అణువులను ప్రయోగించారు. గుర్తున్న కణాలే విభజన చెంది, ఎలుకల్లో దెబ్బతిన్న కండరం తిరిగి పెరగడంలో పాలుపంచుకున్నాయి.

రుజువు దొరికిన చోటే భయమూ మొదలవుతుంది. విభజనకు వేసిన కళ్లెం, దెబ్బతిన్న కణాన్ని చంపే ఏర్పాటు, ఈ రెండూ క్యాన్సర్‌ను ఆపే కాపలాలే. చిన్న అణువుల ప్రయోజనం ఏమిటంటే మోతాదు ఆపగానే వాటి ప్రభావం తగ్గించవచ్చు. అయితే పెంపక గిన్నెలో కడిగేసినంత సులువుగా రోగి తొడ కండరం నుంచి వాటిని తొలగించలేం. డుషేన్ కండర క్షీణత అనే జన్యు వ్యాధి ఉన్నవారికి మరో అడ్డంకి ఉంది. వెనక్కి మళ్లిన వారి కణాల్లోనూ కండరాన్ని కాపాడే డిస్ట్రోఫిన్ ప్రోటీన్ జన్యువులోని లోపం అలాగే ఉంటుంది కాబట్టి, ఆ లోపాన్ని సరిచేయకుండా కణాలను మళ్లీ పెంచితే ఏర్పడేది అదే బలహీన కండరం. అందువల్ల ఈ మార్గాన్ని ముందుగా పరీక్షించాల్సింది జన్యువులు సవ్యంగా ఉండి, గాయం వల్లనో వయసు వల్లనో కండరం కోల్పోయినవారి విషయంలో.